స్పెయిన్ మొహం చూడని కోట్ల మందికి స్పానిష్ ఇంటిపేరు ఎలా వచ్చింది?

ఈ రోజు ఎపిసోడ్ నేను తప్పు చెప్పి దొరికిపోయిన ఒక విషయం గురించి. ముందు ఆ తప్పేంటో చెప్తా.

మా బాబాయ్ కూతురు ఫిలిప్పీన్స్‌లో, దావావో అనే సిటీలో మెడిసిన్ చదువుతోంది. మన రెండు రాష్ట్రాల నుంచి అక్కడికి మెడిసిన్ కోసం వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు, మీ చుట్టాల్లో కూడా ఒకరైనా ఉండే ఉంటారు. అది మొన్న వీడియో కాల్ చేసి అడిగింది. "అన్నయ్యా, మా హాస్టల్ ఆంటీ పేరు గార్సియా. అనాటమీ మేడమ్ రేయెస్. కింద షాపు ఆవిడ డెలా క్రూజ్. అటెండెన్స్ పిలుస్తుంటే మనీ హైస్ట్ టైటిల్స్ పడుతున్నట్టు ఉంటుంది. వీళ్ల తాతముత్తాతలు స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లా?"

నేను ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. "అవును మరి, మూడొందల ఏళ్లు స్పెయిన్ వాళ్లే కదా పాలించింది, ఆ రక్తమే" అని చెప్పేశా. కాల్ పెట్టేశాక ఎందుకో డౌట్ వచ్చింది. చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ నేను ఎంత తప్పు చెప్పానో అర్థమైంది. ఎందుకంటే ఆ పేర్లలో చాలా వాటికి రక్తంతో సంబంధం లేదు. అవి ఒక పుస్తకంలోంచి వచ్చాయి. అవును, ఒక ఆఫీసు పంపిన పుస్తకం. అదే ఈ రోజు కథ.

ముందు ఆ పేర్లు స్పెయిన్‌లో ఎలా పుట్టాయో చూద్దాం. గార్సియా ఇవాళ స్పెయిన్‌లో నంబర్ వన్ ఇంటిపేరు. కానీ మొదట్లో అది ఇంటిపేరే కాదు, మామూలు పేరు. మనకి రాముడు, కృష్ణ ఎలాగో వాళ్లకి గార్సియా అలా. స్పెయిన్ ఉత్తరాన పాంప్లోనా అనే రాజ్యం ఉండేది. పదో శతాబ్దంలో అక్కడి రాజు పేరు గార్సియా సాంచెజ్. ఈ పేరు ఆ కొండ ప్రాంతపు బాస్క్ భాష నుంచి వచ్చి ఉంటుందని ఎక్కువమంది పండితుల మాట. అర్థం ఏంటంటే కొందరు ఎలుగుబంటి అంటారు, కొందరు కుర్రాడు అంటారు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

అలాగే చివర్లో "ఎజ్" వచ్చే పేర్లు చూడండి. రోడ్రిగో కొడుకు రోడ్రిగెజ్. మార్టిన్ కొడుకు మార్టినెజ్. గొంజాలో కొడుకు గొంజాలెజ్. అంటే తండ్రి పేరు కొడుక్కి తోకలా తగిలించారు, తర్వాత తరాల్లో ఆ తోకే ఇంటిపేరై కూర్చుంది.

డెలా క్రూజ్ సంగతి వేరు. స్పానిష్‌లో "దె లా క్రూజ్" అంటే "శిలువకి చెందిన" అని. ఇది భక్తి పేరు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లో హువాన్ దె లా క్రూజ్ అని పేరున్న సన్యాసి కవి ఉండేవారు. ఆయన పుట్టినప్పటి పేరు హువాన్ దె యెపెస్. సన్యాసం తీసుకున్నాక శిలువ పేరు పెట్టుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వంశం నుంచి వచ్చిన పేరు వేరు, భక్తితో పెట్టుకున్న పేరు వేరు. కథ మొత్తం ఇక్కడే తిరుగుతుంది.

ఇప్పుడు సముద్రం దాటి ఫిలిప్పీన్స్‌కి పోదాం. 1521లో మెజెల్లాన్ ఓడలు సెబు దీవికి చేరాయి. అక్కడి రాజు హుమాబోన్‌కి బాప్తిస్మం ఇచ్చి కార్లోస్ అని పేరు పెట్టారు. స్పెయిన్ రాజు పేరన్నమాట. అసలు పాలన మొదలైంది మాత్రం 1565లో లెగాస్పి వచ్చాక. 1571లో మనీలా వాళ్ల రాజధాని అయింది.

స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి అక్కడి జనంలో తరతరాలకీ ఒకేలా పాకే ఇంటిపేరు అనే పద్ధతి లేదు. మనిషికి ఒక పేరు, అంతే. ఊళ్లో అందరూ అందరికీ తెలుసు, రెండో పేరుతో పనేముంది? చర్చి ఫాదర్లు వచ్చి బాప్తిస్మం ఇచ్చినప్పుడు ముందు ఒక సెయింట్ పేరు, వెనక ఒక భక్తి పేరు పెట్టేవారు. డెలా క్రూజ్ అంటే శిలువ. డెలోస్ శాంతోస్ అంటే పుణ్యాత్ములు. డెల్ రొసారియో అంటే జపమాల. తమాషా ఏంటంటే, తండ్రి పేరు వెనక ఉన్నదే కొడుకు పేరు వెనక ఉండాలని రూలేం లేదు. తండ్రి డెలా క్రూజ్ అయితే కొడుకు డెలోస్ శాంతోస్ కావచ్చు. పక్కింట్లో ఏ చుట్టరికం లేనివాళ్లు కూడా డెలా క్రూజే కావచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. స్పెయిన్ నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలా తక్కువ. 1821లో మెక్సికో స్వతంత్రం అయ్యేదాకా ఫిలిప్పీన్స్ పాలన మెక్సికో మీదుగానే నడిచింది. స్పెయిన్ నుంచి అట్లాంటిక్ దాటి మెక్సికో, అక్కడి నుంచి పసిఫిక్ దాటి మనీలా. అంత దూరం వచ్చేదెవరు? కొందరు అధికారులు, కొందరు సైనికులు, ఫాదర్లు, వ్యాపారులు. పల్లెల్లో చాలామంది రోజూ చూసిన ఒకే ఒక్క స్పెయిన్ మనిషి వాళ్ల చర్చి ఫాదరే. మరి కోట్ల మందికి స్పానిష్ పేర్లు ఎక్కడివి?

ఇక్కడ మన కథలో ముఖ్య పాత్ర వస్తాడు. నార్సిసో క్లావెరియా. 1844 నుంచి 1849 దాకా ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్. ఈయన ఎలాంటి మనిషో ఒక్క ముక్కలో చెప్తా. ఫిలిప్పీన్స్‌కి ఓడలు మెక్సికో వైపు నుంచి వచ్చేవి కాబట్టి అక్కడి క్యాలెండర్ చుట్టుపక్కల ఆసియా దేశాల కన్నా ఒక రోజు వెనక ఉండేది. క్లావెరియా వచ్చిన ఏడాదే దాన్ని సరిచేశాడు. ఎలా? 1844 డిసెంబర్ 30 తర్వాతి రోజు నేరుగా 1845 జనవరి 1. డిసెంబర్ 31 అనే రోజు ఆ దేశంలో రాలేదు. డిలీట్. డేటా తప్పుగా ఉంటే నిద్రపట్టని రకం మనిషి.

ఈ మనిషి దీవులన్నీ తిరిగి చూశాడు. ఊళ్లో సగం మంది డెలా క్రూజ్, మిగతా సగం డెలోస్ శాంతోస్. పన్ను ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు, తెలీదు. కోర్టుకి ఫలానా వాడిని పిలిస్తే ఏ ఫలానా, తెలీదు. పెళ్లి చేసుకుంటున్న ఇద్దరికీ దగ్గరి చుట్టరికం ఉందో లేదో చర్చి రిజిస్టర్ చూసి చెప్పడం కష్టం. ప్రభుత్వానికి జనం కనిపిస్తున్నారు గానీ మనుషులు కనిపించడం లేదు.

అందుకని 1849 నవంబర్ 21న ఒక డిక్రీ ఇచ్చాడు. దాంతోపాటు ఒక పుస్తకం. పేరు "అక్షరక్రమంలో ఇంటిపేర్ల కేటలాగ్". లోపల సుమారు 60,000 పేర్లు. స్పెయిన్ ఇంటిపేర్లు ఉన్నాయి, అవి చాలక మామూలు స్పానిష్ మాటలు కూడా. మొక్కలు, జంతువులు, ఖనిజాలు, ఊళ్లు, వస్తువులు. స్థానిక భాషల మాటలు కూడా చేర్చారు.

పంచిన విధానం చూడండి. కేటలాగ్‌లోని పేర్లని రాష్ట్రాలకి పంపారు. అక్కడి అధికారి ఒక్కో ఊళ్లో ఎన్ని కుటుంబాలున్నాయో చూసి అన్ని పేర్లు కేటాయించాలి. ఊళ్లో ఫాదర్, ఊరి పెద్దలు కూర్చుని ఇంటి పెద్దని పిలుస్తారు. అతను లిస్టులోంచి ఒకటి ఎంచుకోవాలి, లేదా వాళ్లే ఒకటి ఇస్తారు. ఆ పేరు అతనికీ, అతని పిల్లలకీ. బంతి భోజనంలో విస్తళ్ల ముందుకి గరిటె వచ్చినట్టు ఊరూరికీ పేర్లు వచ్చాయి. ఆ గరిటెలో ఏముంటే అదే నీ విస్తట్లో పడుతుంది.

గార్సియా అనే మాటకి ఎలుగుబంటి అర్థమో కుర్రాడు అర్థమో, పాంప్లోనా రాజెవరో, ఆ క్యూలో నిలబడ్డ రైతుకి ఏం తెలుసు?

పేర్లని పేజీల లెక్కన పంచడంతో ఇంకో విచిత్రం జరిగింది. కొన్ని ఊళ్లకి ఒకే అక్షరం వచ్చింది. బికోల్ ప్రాంతంలో అల్బాయ్ అనే రాష్ట్రం ఉంది. అందులో ఓవాస్ అనే ఊరికి "ఆర్" అక్షరం పడింది. ఇవాళ్టికీ ఆ ఊరి పాత కుటుంబాల ఇంటిపేర్లు ఎక్కువగా ఆర్‌తోనే మొదలవుతాయి. ఇంటిపేరు మొదటి అక్షరం చూసి నువ్వు ఏ ఊరివాడివో చెప్పేయొచ్చన్నమాట. జీపీఎస్ లేని రోజుల్లో మనిషికి తగిలించిన పిన్‌కోడ్ అది.

మరి జనం పాత పేరే వాడుకుంటే? దానికీ రూల్ ఉంది. స్కూల్లో పిల్లల్ని కొత్త ఇంటిపేరుతోనే పిలవాలి. కొత్త పేరు కాకుండా వేరే పేరుతో సంతకం పెడితే ఎనిమిది రోజులు ఊరి జైలు, లేదా దానికి సమానమైన జరిమానా. పుట్టినప్పటి నుంచి ఉన్న పేరు రాసినందుకు జైలు. ఒక్కసారి ఊహించుకోండి.

ఇక్కడ కాసేపు కథ ఆపి నా సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకంటే ఇది చదువుతున్నప్పుడు క్లావెరియాని తిట్టుకుందామని నోరు తెరిచి, మూసేసుకున్నా.

వీడియోలు మొదలుపెట్టక ముందు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. బీటెక్ అయిన రెండో ఏడాది. ఒక క్లయింట్‌కి మనీలాలో పెద్ద ఆఫీసు ఉంది. అక్కడి ఉద్యోగుల లిస్టులో డూప్లికేట్లు ఎక్కువయ్యాయి, తీసేసే స్క్రిప్ట్ రాయమన్నారు. నేను రాసిన లాజిక్ ఇంతే. పేరులో మొదటి మాట పేరు, చివరి మాట ఇంటిపేరు, మధ్యలోది పట్టించుకోకు. ఆ రెండూ, పుట్టిన సంవత్సరం, ఈ మూడూ కలిస్తే ఇద్దరూ ఒకరే, ఒక రికార్డు తీసెయ్. టెస్టింగ్‌లో అద్భుతంగా పనిచేసింది. లిస్టు సన్నబడింది. మా మేనేజర్ కూడా మెచ్చుకున్నారు.

నెలాఖరుకి ఒకావిడకి అలవెన్స్ పడలేదు. ఆవిడ మరియా డెలా క్రూజ్. ఇంకో టీమ్‌లో మరియా క్రూజ్ అని ఇంకొకావిడ ఉన్నారు. ఇద్దరిదీ ఒకే పుట్టిన సంవత్సరం. నా కోడ్ "డెలా"ని మధ్య పేరు అనుకుని పక్కన పడేసింది. డెలా క్రూజ్ కాస్తా క్రూజ్ అయింది. ఇద్దరు మనుషులు ఒక్కరైపోయారు. "నేను ఆవిడ కాదు, నేను నేనే" అని నిరూపించుకోడానికి ఆవిడ కాగితాలు పట్టుకుని మూడు వారాలు తిరిగారు.

తర్వాత అక్కడి టీమ్ లీడ్ నాతో కాల్‌లో మాట్లాడారు. పెద్దావిడ, ఒక్క మాట గట్టిగా అనలేదు. "బాబూ, మా దగ్గర డెలా క్రూజ్‌ని ఎన్ని రకాలుగా రాస్తారో తెలుసా? కలిపి రాస్తారు, విడగొట్టి రాస్తారు, చిన్న డి, పెద్ద డి. కానీ సగం తీసేసి మాత్రం ఎవరూ రాయరు" అన్నారు. నేను సారీ చెప్పా. కోడ్ మార్చా. కానీ సిగ్గు మాత్రం ఇప్పటికీ పోలేదు.

అందుకే క్లావెరియా నాకు కొత్త మనిషి అనిపించలేదు. ఆయనది దురుద్దేశం కాదు, నాదీ కాదు. ఇద్దరికీ కావాల్సింది ఒక క్లీన్ లిస్టు. ఇద్దరం మన టేబుల్‌కి సరిపోయేలా మనుషుల్నే మార్చాం, మనుషులకి సరిపోయేలా టేబుల్‌ని మార్చలేదు. తేడా అల్లా ఆయన చేతిలో జైలు ఉంది, నా చేతిలో డిలీట్ బటన్ ఉంది.

సరే, మళ్లీ 1849కి వద్దాం. డిక్రీలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఒక కుటుంబం నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నట్టు చూపిస్తే, దాన్ని ఉంచుకోవచ్చు, కానీ డెలా క్రూజ్ లాంటి పేర్లకి ఈ మినహాయింపు లేదు. పాత రాజవంశాల పేర్లు కొన్నింటిని వేరేవాళ్లు పెట్టుకోకూడదు. ఉదాహరణకి లకందుల. స్పెయిన్ వాళ్లు వచ్చేటప్పటికి మనీలా పక్కన తొందో ప్రాంతాన్ని ఏలిన రాజు పేరు అది. ఆ వంశానికి పన్ను మినహాయింపు ఉండేది, అందుకని ఆ పేరు మీద కాపలా. చూశారా, పేరు వెనక ఎప్పుడూ పన్నే ఉంది.

ఇంకా స్పెయిన్ పాలన సరిగ్గా చేరని చోట ఈ పుస్తకం కూడా చేరలేదు. దక్షిణాన ముస్లిం సుల్తాన్ల ప్రాంతాలు, ఉత్తరాన కార్డిలేరా కొండల తెగలు. అందుకే అక్కడి పేర్లు ఇప్పటికీ వేరేగా వినిపిస్తాయి. ఇక చైనా నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారుల కుటుంబాలు తమ చైనా పేరు మొత్తాన్ని కలిపి స్పానిష్ స్పెల్లింగ్‌లో ఒకే ఇంటిపేరుగా మార్చుకున్నాయి. మాజీ ప్రెసిడెంట్ కొరజోన్ అక్వినో పుట్టింటి పేరు కొహువాంకో అలా వచ్చిందే.

ఇంకొకరి గురించి చెప్పాలి, హోసె రిజాల్. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు. డాక్టర్, నవలా రచయిత. 1896 డిసెంబర్ 30న స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. వాళ్ల కుటుంబం అసలు పేరు మెర్కాడో, అంటే స్పానిష్‌లో మార్కెట్. చైనా నుంచి వచ్చిన పూర్వీకుడు పెట్టుకున్న పేరు. 1849 డిక్రీ తర్వాత ఆ ఇంటికి రిజాల్ అనే పేరు కూడా చేరింది. పచ్చని చేను అని అర్థం చెప్తారు. ఇంట్లో మాత్రం మెర్కాడోనే ఎక్కువ వాడేవారు.

1872లో ముగ్గురు ఫిలిప్పినో ఫాదర్లకి తిరుగుబాటు నేరం మోపి మరణశిక్ష వేశారు. అందులో ఒకరైన ఫాదర్ బుర్గోస్‌తో రిజాల్ అన్నయ్య పసియానో మెర్కాడోకి దగ్గరి సంబంధం. మెర్కాడో అంటే పోలీసుల కన్ను పడే పేరైపోయింది. అదే ఏడాది తమ్ముడు మనీలా స్కూల్లో చేరుతుంటే, రిజాల్ అని రాయించారు. ప్రభుత్వం తన లెక్క కోసం తెచ్చిన పద్ధతిలోంచి వచ్చిన పేరు వెనకే, ఆ ప్రభుత్వాన్ని ప్రశ్నించబోయే పిల్లాడు దాక్కున్నాడు! ఇవాళ మెర్కాడో అంటే ఎవరికీ గుర్తురాదు. రిజాల్ పేరు మీద ఒక రాష్ట్రమే ఉంది.

ఇప్పుడు అసలు ట్విస్టు. క్లావెరియా దేన్ని తగ్గించాలని ఇదంతా చేశాడు? డెలా క్రూజ్‌లు ఎక్కువైపోయారని. మరి ఇవాళ ఫిలిప్పీన్స్‌లో అందరికన్నా ఎక్కువగా కనిపించే ఇంటిపేరు ఏంటి? డెలా క్రూజ్! డిక్రీ అన్ని ఊళ్లలో ఒకేలా అమలు కాలేదు. క్లావెరియా అయితే ఆ ఏడాది చివర్లోనే పదవి వదిలి వెళ్లిపోయాడు. చివరికి మన దగ్గర సగటు మనిషిని "సామాన్యుడు" అన్నట్టు అక్కడ "హువాన్ డెలా క్రూజ్" అంటారు. పేపర్ కార్టూన్లలో కనిపించే సామాన్యుడి పేరు అదే.

ఇవాళ ఈ పేర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది స్పెయిన్ నుంచి లాటిన్ అమెరికాకి. మెక్సికో, పెరు, డొమినికన్ రిపబ్లిక్. అక్కడ స్పెయిన్ వలసలూ ఉన్నాయి, స్థానికులకి బాప్తిస్మంలో ఇచ్చిన పేర్లూ ఉన్నాయి, రెండూ కలిసిపోయాయి. రెండోది ఫిలిప్పీన్స్. మూడోది ఈ రెండు చోట్ల నుంచి మళ్లీ ప్రపంచం మీదికి. 2010 అమెరికా సెన్సస్‌లో గార్సియా ఆరో స్థానంలో ఉంది, 11 లక్షలకి పైగా మనుషులు. స్మిత్, జాన్సన్‌ల పక్కన గార్సియా. గల్ఫ్‌లో పనిచేసే మీ మావయ్యనో బాబాయ్‌నో అడగండి. అక్కడి ఆసుపత్రిలో నర్సు బ్యాడ్జి మీద, షాపు బిల్లింగ్ కౌంటర్‌లో, శాంతోస్, రామోస్, డెలా క్రూజ్ చూసే ఉంటారు. వాళ్లలో చాలామంది ఫిలిప్పీన్స్ వాళ్లే.

ఇక్కడే మళ్లీ కంప్యూటర్ పప్పులో కాలేస్తుంది. అమెరికా సెన్సస్ బ్యూరో స్పానిష్ ఇంటిపేర్ల లిస్టు ఒకటి తయారుచేసింది. రికార్డుల్లో మనిషి మూలం రాసిలేనప్పుడు ఇంటిపేరు చూసి లాటిన్ అమెరికా మూలాలు ఉన్నాయేమో అంచనా వేయడానికి రీసెర్చ్ చేసేవాళ్లు అలాంటి లిస్టులు వాడతారు. ఫిలిప్పినో గార్సియా ఆ అంచనాలో ఇంకో గుంపులో పడిపోతాడు. మెడికల్ రీసెర్చ్‌లో ఇది చిన్న విషయం కాదు. ఏ జబ్బు ఎవరికి ఎక్కువ వస్తోంది అని లెక్కపెడుతున్నప్పుడు మనిషే తప్పు గుంపులో ఉంటే, ఆ లెక్క ఎవరికి పనికొస్తుంది?

తమ మూలాలు వెతుక్కునే ఫిలిప్పినో కుర్రాళ్లకి ఇంకో బాధ. తాత, ముత్తాత అని వెనక్కి వెళ్తూ ఉంటే 1849 దగ్గర గోడ తగులుతుంది. అటువైపు అదే మనిషి వేరే పేరుతో ఉంటాడు. ఆ పాత పేరేంటో ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే, దారి అక్కడితో ఆగిపోతుంది. ఊరి చర్చి రిజిస్టర్లు తుఫానులకీ, యుద్ధానికీ, చెదలకీ మిగిలి ఉంటే అదృష్టం.

సరే, మా చెల్లికి మళ్లీ ఫోన్ చేశా. "నేను తప్పు చెప్పాను" అని మొత్తం కథ చెప్పా. అది నవ్వి, "మరి మా హాస్టల్ ఆంటీ స్పానిష్ కాదా?" అంది. "కావచ్చు, కాకపోవచ్చు. పేరు చూసి మాత్రం చెప్పలేం. ఆవిడనే అడుగు" అన్నా. రెండు రోజులకి మెసేజ్ పెట్టింది. ఆంటీ వాళ్ల తాతలంతా చేపలు పట్టేవాళ్లట. స్పెయిన్ ఎక్కడుందో కూడా తెలీదట. "కానీ ఈ పేరు మాదే, మా అమ్మమ్మ సమాధి మీద ఉన్నది ఇదే" అన్నారట.

నాకు ఈ ఎపిసోడ్‌లో నచ్చిన మాట ఇదే. పేరు ఎవరో ఇచ్చి ఉండొచ్చు. ఒక ఆఫీసరు లిస్టులోంచి వచ్చి ఉండొచ్చు. కానీ నాలుగైదు తరాలు ఆ పేరుతో పుట్టి, పెళ్లి చేసుకుని, పోయాక, అది వాళ్లదే. దాన్ని "అరువు పేరు" అనే హక్కు మనకి లేదు. అలాగే ఆ పేరు చూసి "ఓహో, మీరు ఫలానా" అని తేల్చేసే హక్కూ లేదు.

మనం కూడా కొత్త మనిషి కనబడగానే "ఇంటిపేరేంటి?" అని అడిగేది ఎందుకో మనకి తెలుసు. ఆ ఒక్క మాటతో మనిషి మొత్తం తెలిసిపోయిందని అనుకుంటాం. ఈసారి నోటిదాకా ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఓవాస్ ఊరిని గుర్తుచేసుకోండి. పేరు ఆ మనిషి ఎవరో చెప్పకపోవచ్చు. ఒకప్పుడు ఆ ఇంటి గుమ్మం ముందుకి ఏ పేజీ వచ్చిందో, అంతే చెప్పొచ్చు.

కోడ్ రాసే ఫ్రెండ్స్‌కి ఒక్క రిక్వెస్ట్. పేరుని స్పేస్ దగ్గర విరగ్గొట్టకండి. మనిషి ఎలా రాస్తే అలాగే ఉంచండి. ఆ స్పేస్ వెనక ఒకావిడ నెల జీతం ఉండొచ్చు.

మీ పేరు ఏదైనా ఫామ్‌లో, టికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో ఎలా చెడిందో కామెంట్స్‌లో రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనలో చాలామందికి ఉన్నదే. మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. వీడియో నచ్చితే ఫిలిప్పీన్స్‌లోనో గల్ఫ్‌లోనో ఉన్న మీవాళ్లకి ఒకసారి ఫార్వర్డ్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.